జెండా వేరు, సిద్ధాంతం వేరు



ఎన్నికలు వచ్చాయంటే మన ఊళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. తండ్రిది ఒక పార్టీ, కొడుకుది మరొక పార్టీ. ఆదివారం ఇద్దరూ ఒకే గుడిలో మోకరించి దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు. గుడి దాటి రచ్చబండ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి మధ్యా మాటలుండవు. ఎందుకయ్యా ఈ పంతం అని అడిగితే ఇద్దరూ ఒకే జవాబు చెబుతారు: "ఇది సిద్ధాంతం." సరే, ఏమిటా సిద్ధాంతం అని ఇంకొక్క మాట అడిగి చూడండి. ఒకరు నాయకుడి పేరు చెబుతారు. మరొకరు ఎదుటి పార్టీని తిట్టడం మొదలు పెడతారు. ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వారం పాఠం.

రాజకీయ సిద్ధాంతం అనగా ఏమిటి? ప్రభుత్వం ఏ పని చెయ్యాలి, ఏ పనిలో తలదూర్చకూడదు, ఊరి సంపదలో ఎవరికి ఎంత రావాలి, ఎవరి మాట చెల్లాలి అనే ప్రశ్నలకు ఒకదానితో ఒకటి పొసిగే జవాబులు ఉంటే దాన్ని సిద్ధాంతం అంటాం. ఆ జవాబుల అడుగున, పైకి చెప్పినా చెప్పకపోయినా, మనిషి ఎవరు, వాడి కష్టానికి కారణం ఏమిటి అనే ఒక నమ్మకం ఉంటుంది. దీన్ని గ్రహించడానికి రష్యా చరిత్రో ఇంగ్లండు చరిత్రో చదవనక్కరలేదు. బందరు, గుడివాడ, దివిసీమల మధ్య ఉన్న ఈ కాస్త నేల మీద దేశంలోని ముఖ్యమైన సిద్ధాంతాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు గొంతెత్తాయి. కాబట్టి మన నేల మీదనే నిలబడి చూద్దాం.

కూచిపూడితో మొదలు పెడదాం. మాచుపల్లి కైఫియత్తులో ఒక కథ ఉంది. సిద్ధవటం సీమను ఏలుతున్న సమ్మెట గురవరాజు డబ్బు కోసం ఆడవాళ్ళను కూడా చిత్రహింసలు పెట్టేవాడట. ఆ దారిన వెళుతున్న కూచిపూడి భాగవతులు అది కళ్ళారా చూశారు. విజయనగరం చేరి, వీర నరసింహరాయల ఎదుట ఒకరు గురవరాజుగా, ఒకరు హింసకు గురైన స్త్రీగా వేషాలు కట్టి ఉన్నదున్నట్టు ఆడి చూపించారు. రాయలు విచారించి, సైన్యాన్ని పంపి, గురవరాజును పట్టించి శిక్షించాడు. ఐదువందల ఏళ్ళ నాటి మాట. కళాకారుల ధైర్యాన్ని మెచ్చుకోవలసిందే. అయితే ఆ కథలో ఉన్న రాజకీయ భావం ఏమిటో కూడా చూడండి. ప్రభువు తండ్రి వంటివాడు, మంచివాడు. చెడ్డవాడు ఎవరైనా ఉంటే ఆయన కింది అధికారే. పెద్దాయన చెవిన వేస్తే అన్నీ చక్కబడతాయి. సిద్ధవటం ప్రజలు స్వయంగా ఏదైనా చెయ్యగలరన్న ఊసే ఆ కథలో లేదు. రాజులు పోయి చాలా కాలమైంది గాని, ఈ భావం మాత్రం పోలేదు. "సార్‌కు తెలియదు, తెలిస్తే ఊరుకోడు" అని ఇప్పటికీ మనం అంటూనే ఉంటాం గదా!

కల్లు కుండ మీద కూలిన ప్రభుత్వం

ఒకే వస్తువును వేరువేరు సిద్ధాంతాలు ఎలా చూస్తాయో తెలియడానికి కల్లు కుండకు మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నాటి మద్యనిషేధం కూడా వెంట వచ్చింది. గాంధేయవాదులకు నిషేధం ప్రాణప్రదం. తాగుడు పేదవాడి ఇల్లు గుల్ల చేస్తుంది, దాన్ని ఆపడం ప్రభుత్వ ధర్మం అని వారి వాదన. ప్రభుత్వమంటే వారి దృష్టిలో ప్రజల నడవడిని దిద్దే పెద్ద. కమ్యూనిస్టులు అదే కుండను చూసి తాటిచెట్టు ఎక్కే మనిషిని చూపించారు. నిషేధం వల్ల గీత కార్మికుడి కూడు పోయింది, వాడికి ఇంకో పని చూపించకుండా నీతులు చెబితే ఎలా అన్నారు. ఖజానా లెక్కలు చూసేవారు మూడో మాట అన్నారు: దొంగసారా ఎలాగూ ఆగలేదు, పన్ను మాత్రం పోయింది. ఈ తగాదాలోనే 1954 నవంబరు 6న టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది.

ఈ ముగ్గురిలో అబద్ధం చెప్పినవారు ఎవరు? ఎవరూ కాదు. తాగుడు ఇళ్ళు కూల్చుతుందన్నది నిజం, గీత కార్మికుడి ఆకలి నిజం, దొంగసారా కూడా నిజమే. కాని ఎవరికి వారు తాము చూసిన నిజమే మొత్తం నిజమనుకున్నారు. ఇంకొక సంగతి. ఆ రోజుల వాదప్రతివాదాల్లో, రాత్రి తాగివచ్చిన మొగుడితో వేగే ఇల్లాలి గొంతు పెద్దగా వినబడలేదు. అది వినబడడానికి 1992 దాకా ఆగవలసి వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడ్డారు, ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. సారా మానమని చెప్పిన ఆ స్త్రీలు ఏ సిద్ధాంత గ్రంథమూ చదివినవారు కారు. అయినా, ఇంటి గోడ లోపల జరిగేది కూడా ప్రభుత్వం పట్టించుకోవలసిన విషయమేనని వారు తేల్చి చెప్పారు. అది చిన్న సిద్ధాంతమేమీ కాదు.

దున్నేవాడు ఎవరు?

ఇప్పుడు భూమి సంగతి. ఈ డెల్టాలో అసలు రాజకీయమంతా భూమి చుట్టూనే తిరిగింది. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

దివి ప్రాంతంలో చల్లపల్లి జమీందారీ ఉండేది. జమీందారీ భూములపై హక్కుల కోసం రైతులు ఎన్నో ఏళ్ళు పోరాడారు. అదే ప్రాంతంలోని మంగళాపురంలో 1914లో, కలిగిన రైతు కుటుంబంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు కమ్యూనిస్టు అయ్యారు. 1964 నుంచి 1990 వరకు ఆయనే భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి. ఆ సిద్ధాంతం చెప్పేది ఇది: పేదవాడు సోమరితనం వల్ల గాని తలరాత వల్ల గాని పేదవాడు కాలేదు; భూమి, యంత్రం, పెట్టుబడి కొద్దిమంది చేతుల్లో ఉండబట్టి అయ్యాడు. ఉన్న ప్రభుత్వం ఆ కొద్దిమందికే కాపలా కాస్తుంది. కనుక దాన్ని మార్చి, భూమిని దున్నేవాడికి ఇవ్వాలి. కొడుకు పాలేరుగా, మనవడు పాలేరుగా గడిపిన ఇళ్ళలో ఈ మాట ఎంత లోతుగా దిగిందో ఊహించండి. "నీ పేదరికం నీ పాపం కాదు" అని వారికి మొదటిసారి చెప్పినవారు ఆ ఎర్రజెండాల వాళ్ళే. అది మనం ఒప్పుకోవాలి. పైగా వారు ఉపన్యాసాలతో ఊరుకోలేదు. ప్రజానాట్యమండలి కట్టి, బుర్రకథలు చెప్పించి, 1947లో 'మా భూమి' నాటకం ఆడించారు. కూచిపూడి భాగవతులు రాజుగారి ముందు ఆడితే, వీరు కూలివాళ్ళ ముందు ఆడారు. అర్జీ పెట్టుకోవలసిన చోటు మారిపోయిందన్నమాట.

కృష్ణకు ఆవలి ఒడ్డున, నిడుబ్రోలులో, ఆచార్య ఎన్.జి. రంగా ఉన్నారు. ఆయనా జమీందారీలకు వ్యతిరేకే. రైతులకు రాజకీయం నేర్పడానికి ఊళ్ళోనే విద్యాలయం పెట్టిన మనిషి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. తరువాత 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెస్ సభ సహకార ఉమ్మడి వ్యవసాయం చేపట్టాలని తీర్మానించింది. రంగాగారు మండిపడ్డారు. కాంగ్రెసును వదలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షులయ్యారు. నిన్న జమీందారును ఎదిరించినవాడు ఈ రోజు సోషలిజాన్ని ఎదిరిస్తున్నాడు, మాట మార్చాడు అన్నారు కొందరు. నిజానికి ఆయన మాట మార్చలేదు. రైతు తన చెక్కకు తానే యజమాని కావాలి, దాన్ని లాక్కునేది జమీందారు అయినా ఒకటే, ప్రభుత్వం అయినా ఒకటే అన్నదే ఆయన సిద్ధాంతం మొదటి నుంచీ. జెండాలు మారినా ఆ మాట మారలేదు. సిద్ధాంతం ఉన్న మనిషిని ఇలా గుర్తుపట్టాలి.

ఇక ఈ రెండు సిద్ధాంతాలకూ తగిలిన చిక్కు ఒకటే. "దున్నేవాడు" అంటే ఎవరు? పట్టా ఉన్న ఆసామా? కౌలుకు చేసే రైతా? బురదలో దిగి నాటు వేసే కూలీయా? చల్లపల్లి ఎస్టేటు పోయినప్పుడు లాభం ప్రధానంగా రైతుకే చేరింది. కూలి కూలిగానే ఉండిపోయాడు. 1973 భూగరిష్ఠ పరిమితి చట్టం వచ్చినా, పేదవాడి చేతికి వచ్చిన సెంట్లు ఎన్నో మీలో చాలామందికి ఇంట్లోనే తెలుసు. మన విచారణల్లో ఎక్కువ కుటుంబాలు ఏ వాడల నుంచి వచ్చినవో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే కులం మాట ఎత్తక తప్పదు. 1951–52 ఎన్నికల్లో కమ్యూనిస్టులు కృష్ణా జిల్లాలో బాగా గెలిచారు. 1955 ఆంధ్ర శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్, కృషికార్ లోక్‌పార్టీ, ప్రజాపార్టీ ఏకమై వారిని ఎదిరించాయి. అంతకు కొద్ది రోజుల ముందే ఆవడి కాంగ్రెస్ సభ తానూ సామ్యవాద తరహా సమాజమే కోరుతున్నానని తీర్మానం చేసింది. ఆ జనవరిలోనే మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూగారి విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాస్తే, కాంగ్రెసువారు దాన్నే ఊరూరా పంచిపెట్టారు. మీ గురువులే మా నాయకుణ్ణి పొగుడుతున్నారు, ఇంక మీరెందుకు అని! ఫలితం చూడండి: కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చాయి, 196 స్థానాల్లో గెలిచినవి మాత్రం 15. పుచ్చలపల్లి సుందరయ్య గన్నవరంలో గెలిచారు గాని, వారి మహామహులు చాలామంది ఓడిపోయారు. మరుసటి ఏడాది సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ రచయిత ఆంధ్ర కమ్యూనిస్టుల మీద ఒక వ్యాసం ప్రకటించి, డెల్టాలో ఈ పార్టీల పోరు వెనుక కమ్మ, రెడ్డి వర్గాల పోటీ ఉందనీ, కమ్యూనిస్టు నాయకత్వం కూడా భూమి కలిగిన కులం నుంచే వచ్చిందనీ రాశాడు. అతడి వాదన పూర్తిగా ఒప్పుకోనక్కరలేదు. కులాన్ని ధిక్కరించి వాడల్లో తిని పడుకున్న కార్యకర్తలు ఎందరో ఉన్నారు. కాని అతడు అడిగిన ప్రశ్నను తోసివేయలేం. వేదిక మీద సిద్ధాంతాలు పోట్లాడుకుంటుంటే, వేదిక మీద కూర్చున్నవారందరూ ఒకే కులం, ఒక్కోసారి ఒకే కుటుంబం అయితే, కింద నేల మీద కూర్చున్నవాడు దాన్ని ఏమనుకోవాలి?

డాక్టర్ అంబేద్కర్ ఈ ప్రమాదాన్ని ముందే చెప్పారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, ఓటులో అందరం సమానమవుతున్నాం గాని బ్రతుకులో అసమానంగానే మిగిలిపోతున్నాం, ఈ వైరుధ్యాన్ని ఎంతకాలం సాగనిస్తామని హెచ్చరించారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు, 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గర చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులైనప్పుడు, భూమి ఒక్కటే, ఓటు ఒక్కటే చాలదని మన డెల్టాకు తెలిసివచ్చింది. దళిత మహాసభ అక్కడి నుంచే పుట్టింది. వర్గం మాట చెప్పి కులాన్ని పక్కన పెట్టిన సిద్ధాంతాలను అది నిలదీసింది.

ఇందులో మన గడప తొక్కే విషయం కూడా ఒకటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. కనుక ఒకే వాడలో, ఒకే తాత మనవళ్ళలో, అన్న ఎస్సీ, జ్ఞానస్నానం పొందిన తమ్ముడు బీసీ-సీ. అంటరానితనం హిందూ సమాజపు రుగ్మత, అందులో లేనివారికి ఆ మందు ఎందుకు అనేది ఒక వాదన. మతం మారినా బావి దగ్గర, కూలి దగ్గర, పెండ్లి సంబంధం దగ్గర కులం మారలేదు, ప్రభుత్వం మనిషి కష్టాన్ని చూడాలి గాని ప్రార్థనను కాదు అనేది రెండో వాదన. దేశమంటే ఏమిటి, ప్రభుత్వానికి మతం ఉంటుందా అనే విషయంలో ఆ ఇద్దరి నమ్మకాలు వేరు. అందుకే చట్టం మీద కూడా వారికి కుదరదు. ఈసారి మీ దగ్గరకు ఓటడగడానికి ఎవరు వచ్చినా ఈ ప్రశ్న వేసి, జవాబు శ్రద్ధగా వినండి.

పార్టీ వద్దన్నవారు, ప్రభుత్వమే వద్దన్నవారు

అందరూ ప్రభుత్వం చుట్టూనే తిరగలేదు. బందరులో వైద్యం చేసుకుంటూ కాంగ్రెసులో చేరిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. దొరల ప్రభుత్వాన్ని అడుక్కోవడమేమిటి, మన డబ్బు మనమే కూడబెట్టి మన రైతుకు, మన వర్తకుడికి అప్పు ఇచ్చుకుందాం అన్న పట్టుదల అది. 1980లో ప్రభుత్వం ఆ బ్యాంకును జాతీయం చేసింది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ప్రజలు కట్టుకున్న సంస్థ సర్కారుదై, ఆపైన పేరు కూడా లేకుండా పోవడం లాభమా నష్టమా? జాతీయం చెయ్యడం వల్ల పల్లెల్లో శాఖలు పెరిగాయి, బలహీనవర్గాలకు అప్పులు అందాయి అని సోషలిస్టు అంటాడు. బందరు వాడికి ఆ బోర్డు చూసినప్పుడల్లా ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

ఇంకొకరు గోరాగారు, అనగా గోపరాజు రామచంద్రరావు. బందరు హిందూ కాలేజీలో పాఠాలు చెప్పిన ఆయన నాస్తికుడు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. దేవుని విషయంలో ఆయనకూ మనకూ ఎక్కడా పొత్తు కుదరదు. కాని రాజకీయం గురించి ఆయన అన్న మాట వినదగ్గది. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలని ఆయన వాదించారు. గెలిచినవాడు ఊరందరికీ ప్రతినిధి కావాలి గదా, పార్టీకి ఎందుకు బానిస కావాలి అని ఆయన ప్రశ్న. అది ఆచరణలో సాధ్యమని నేననుకోను. పార్టీలు లేకపోతే కులాలే పార్టీలవుతాయి. అయినా, ఒక పార్టీ గెలవగానే అవతలి పార్టీవాడి పింఛను ఆగిపోయిన ఊళ్ళలో ఆయన ప్రశ్నకు ఇంకా జవాబు బాకీ ఉంది.

బియ్యం, కరణం, కాలువ

గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావుగారు 1982 మార్చి 29న తెలుగుదేశం స్థాపించి, తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చారు. కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చే పథకం 1983లో మొదలైంది. 1984 జనవరిలో వంశపారంపర్యపు మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మొదటిది అందరికీ గుర్తుంది, మిగతా రెండింటిని మరచిపోయారు. నన్నడిగితే ఆ రెండే పెద్ద మార్పులు. కరణం గారి అరుగు దగ్గర చేతులు కట్టుకొని నిలబడి అడంగలు నకలు అడుక్కున్న పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ప్రభుత్వం ఒక కుటుంబపు ఆస్తి కాదు, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉండాలి అనేది కూడా సిద్ధాంతమే.

ఇక బియ్యం. ఇది దానమా, హక్కా, ఓటుకు కట్టిన వెలా? ఒకే బస్తాను మూడు విధాలుగా చూడవచ్చు. పెద్దాయన పెట్టాడు అనుకుంటే కూచిపూడి కథలోని రాజుగారి దగ్గరికే మళ్ళీ వెళ్ళాం. ప్రతి మనిషికీ కూడు హక్కు అనుకుంటే, డీలరు తూకంలో కోసినప్పుడు నోరెత్తుతాం. జనం సోమరులవుతున్నారు, ఉచితాలు రాష్ట్రాన్ని ముంచుతున్నాయి అనేవారు మూడో దృష్టివారు. వారిని ఒక మాట అడగాలి: కాలువ నీళ్ళు, ఎరువుల రాయితీ, వ్యవసాయానికి ఉచిత కరెంటు ఎవరి సొమ్ము? తనకు వచ్చేదాన్ని ప్రోత్సాహం అనీ, ఇంకొకడికి వచ్చేదాన్ని ఉచితం అనీ పిలిస్తే అది సిద్ధాంతం అనిపించుకోదు.

కాలువ మాట వచ్చింది గనుక: 1832–33 నాటి కరువులో ఈ సీమ జనం అసంఖ్యాకంగా చనిపోయారు. ఆ తరువాతే, ఖర్చుకు వెనకాడే కంపెనీ ప్రభుత్వాన్ని కాటన్‌దొర వంటివారు ఒప్పించి, 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తి చేయించారు. ఖజానా ఖర్చుతో తవ్విన కాలువే ఇక్కడి ప్రతి 'స్వయంకృషి'కీ పునాది. 1997లో చట్టం చేసి నీటి యాజమాన్యం రైతు సంఘాలకు అప్పగించారు. మంచిదే. కాని కాలువ శివారు భూములకు, అనగా నాగాయలంక, కోడూరు వైపు పొలాలకు నీరు అందుతుందా లేదా అన్నది చూస్తే గాని ఆ మంచి ఎంతో తేలదు.

తుఫాను చెప్పిన పాఠం

1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరును ముంచింది. దాదాపు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది. పదివేలకు పైగా పోయారు. ఎక్కువగా పోయింది ఎవరు? సముద్రం అంచున తాటాకు గుడిసెల్లో ఉన్నవారు, కోతలకు వచ్చిన కూలీలు. మేడ ఉన్నవాడు మేడెక్కాడు. అల అందరి మీదికీ ఒకేలా వచ్చింది గాని, అందరినీ ఒకేలా తీసుకుపోలేదు. దైవేచ్ఛ అన్నారు కొందరు. ఖర్మ అన్నారు ఇంకొందరు. ఈ రెండు మాటలూ ప్రభుత్వానికి ఎంతో హాయి. దేవుని మీద నెపం వేస్తే అధికారి జవాబు చెప్పనక్కరలేదు గదా.

ఆ తరువాత ఏం జరిగింది? దేశవిదేశాల నుంచి క్రైస్తవ సంస్థలు, హిందూ సేవాసంస్థలు, పేరు లేని విద్యార్థులు వచ్చి శవాలు తీశారు, ఇళ్ళు కట్టారు. ప్రభుత్వం తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టించింది. బందరులో రాడార్ వెలిసింది. 1990 మే 9న మళ్ళీ ఈ తీరానికే భీకరమైన తుఫాను వచ్చింది. ఈసారి ముందే లక్షకు పైగా జనాన్ని ఖాళీ చేయించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. పదమూడేళ్ళలో సముద్రం మారలేదు, గాలి మారలేదు. ఇది ప్రభుత్వం పని అని ఒప్పుకోవడం మారింది. ప్రభుత్వం ఎంత తక్కువ ఉంటే అంత మేలు అనేవారికి ఈ లెక్క చూపించండి. అన్నీ ప్రభుత్వమే చెయ్యాలి అనేవారికి, మొదటి వారం దివిసీమలో చేతులు మురికి చేసుకున్న ఆ విద్యార్థులను చూపించండి.

శ్రీసభ ఏమంటుంది అని మీలో కొందరు అడుగుతారు. ఈ విషయంలో మన పెద్దల మాట కూడా నిలిచిన చోటే నిలవలేదు. 1891లో 13వ లియో పోపుగారు కూలివాడికి న్యాయమైన వేతనం హక్కు అన్నారు, సొంత ఆస్తి కూడా హక్కే అన్నారు. 1931లో 11వ పయస్ పోపుగారు, కింది సంఘం చేసుకోగల పనిని పై ప్రభుత్వం లాక్కోవడం అన్యాయమన్నారు. 1937 మార్చిలో ఆయనే నాస్తిక కమ్యూనిజాన్ని గట్టిగా ఖండించారు. బెజవాడ మేత్రాసనం ఏర్పడింది ఆ మరుసటి నెలలోనే. కాబట్టి మన తాతల కాలపు ఉపదేశాల్లో ఎర్రజెండా అంటే అంత భయం ఎందుకుండేదో అర్థమవుతుంది. అయితే 1963లో 23వ జాన్ పోపుగారు ఒక ముఖ్యమైన తేడా చూపించారు: తప్పుడు తత్త్వం వేరు, దానిలోంచి పుట్టి కాలంతో మారుతూ వచ్చే ఉద్యమం వేరు, ఆ ఉద్యమంలో న్యాయమైన కోరిక ఉంటే దాన్ని గుర్తించవచ్చు. 1965లో రెండవ వాటికన్ మహాసభ, శ్రీసభ ఏ రాజకీయ వ్యవస్థకూ కట్టుబడి లేదని చెప్పింది. 1971లో 6వ పౌలు పోపుగారు, ఒకే విశ్వాసం ఉన్న క్రైస్తవులు వేరువేరు రాజకీయ మార్గాలు ఎన్నుకోవచ్చన్నారు. 2025 మేలో ఎన్నికైన కొత్త పోపుగారు 14వ లియో అన్న పేరు పెట్టుకున్నప్పుడు, 1891 నాటి ఆ లేఖనే జ్ఞాపకం చేశారు.

కనుక తండ్రీ కొడుకులు రెండు పార్టీలకు ఓటు వేస్తే అది పాపమేమీ కాదు. ఆ ఇద్దరూ ఒకరినొకరు అడగవలసిన ప్రశ్నలు అడగకపోవడమే లోపం. నీ పార్టీ లెక్కలో పేదవాడు ఎందుకు పేదవాడయ్యాడు? ఆ కష్టం తీర్చడం ఎవరి పని: వాడిదా, ఊరిదా, ప్రభుత్వానిదా? ఒప్పుకోనివాణ్ణి మీరు ఏం చేస్తారు? మీరు చెప్పే చిత్రంలో కనబడనిది ఎవరు? కల్లు తగాదాలో ఇల్లాలు కనబడలేదు, భూమి తగాదాలో కూలి కనబడలేదు. ఈ చివరి ప్రశ్న అడిగితే చాలామంది నాయకులకు కోపం వస్తుంది. వస్తే రానివ్వండి.

ఈ వారం భోజనాలయ్యాక పిల్లలను కూర్చోబెట్టి ఇంట్లో పెద్దలను అడగండి: 1977 నవంబరు 19 రాత్రి మీరు ఎక్కడున్నారు? ఎవరి మేడ ఎక్కారు? ఆ తలుపు ఎవరెవరికి తీశారు, ఎవరికి తీయలేదు? మీ ఊరు తీరానికి దగ్గరైతే ఇంకొక పని కూడా చెయ్యండి. వచ్చే గ్రామసభకు వెళ్ళి, మీ ఊరి తుఫాను షెల్టరు తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో అడిగి రండి.